సమాధానం: గ్రూప్‌లో ఇద్దరే పనిచేసి మిగతావాళ్లు చూస్తూ కూర్చుంటే

డే కేర్‌లో స్కిజోఫ్రీనియా (తీవ్రమైన మానసిక వ్యాధి) ఉన్న 12 మందితో పులిహోర చేయిస్తే ఇద్దరే అంతా చేసేశారు, మిగతావాళ్లు గోడకు ఆనుకుని కూర్చున్నారు అన్నారు కదా. లోపం వాళ్లలో కాదండి, ఎంచుకున్న పనిలో ఉంది. పులిహోరంటే పని పంచుకోవాలి, ఒకరి కోసం ఒకరు ఆగాలి. గ్రూప్‌లో కలిసి పనిచేసే నైపుణ్యానికి ఆక్యుపేషనల్ థెరపిస్టు ఆన్ మోసీ చెప్పిన స్థాయిల్లో మీవాళ్లు ఇంకా మొదటి మెట్టు మీదే ఉన్నట్టున్నారు: పక్కపక్కన కూర్చుని ఎవరి పని వాళ్లు చేసుకోవడం.

ఆరుగురేసి రెండు బ్యాచ్‌లు చేయండి. నిమ్మకాయ షర్బత్ పెట్టండి. ఒక్కొక్కరికి స్టీలు గ్లాసు, నిమ్మచెక్క, చెంచా. నిమ్మకాయ పిండేది మాత్రం ఇద్దరికి ఒకటి, పంచదార డబ్బా అందరికీ ఒకటే. అడగనిదే పని జరగదు, మాటలు అక్కడే మొదలవుతాయి. కాయలు మీరే కోసి, చాకు ముందే లోపల పెట్టేయండి. మందుల వల్ల చేతులు వణికేవాళ్లకు గ్లాసు సగమే నింపండి. షుగర్ ఉన్నవాళ్లకు పంచదార లేకుండా, ఉప్పు చిటికెడు.

45 నిమిషాల సెషన్‌లో పనిని 15 నిమిషాలు దాటనివ్వకండి, మిగతాది దాని గురించి మాట్లాడుకోవడానికి ఉంచండి. చాలామంది జారేది ఇక్కడే, గ్లాసులు కడిగేసరికి టైమ్ అయిపోతుంది. తర్వాత "ఎలా అనిపించింది?" అంటే "బాగుంది" అనేసి ఊరుకుంటారు. "డబ్బా ఎవరిని అడిగారు? ఇంట్లో అయితే ఎవరిని అడుగుతారు?" అనండి. మీరు గుర్తుచేయకుండానే అడగడం అలవాటయ్యాక, ఇద్దరిద్దరు జంటలుగా పులిహోర మళ్లీ పెట్టొచ్చు.