ఎక్స్‌రే గది ప్రశ్నలు: బటన్ నొక్కక ముందు, నొక్కాక

ప్రశ్న: బీఎస్సీ ఇమేజింగ్ టెక్నాలజీ పిల్లలకు కొత్తగా ట్యూటర్‌గా చేరాను. పద్దెనిమిది మందికి ఎక్స్‌రే గది ఒక్కటే. ఓపీ వేళ అందరూ కన్సోల్ (మిషన్‌ను నడిపే బటన్ల బల్ల) చుట్టూ మూగి చూడటమే తప్ప చేసేదేమీ ఉండదు. ఛాతీ పీఏ వ్యూ (వీపువైపు నుంచి కిరణాలు పంపి తీసే ఎక్స్‌రే) ఎలా నేర్పాలి?
- ట్యూటర్, కర్నూలు

జవాబు: ముందు వాళ్లను కన్సోల్ దగ్గర్నుంచి కదిలించండి. ఛాతీ ఎక్స్‌రే చాలావరకు పాడయ్యేది పేషెంటు నిలబడే స్టాండ్ దగ్గరే. ఓపీ ముగిశాక ముగ్గురేసి చొప్పున జట్లు కట్టండి. ఒకరు పేషెంటు, ఒకరు టెక్నీషియన్, మూడో మనిషి తప్పులు రాసుకోవాలి. కొలిమేటర్ (కిరణాలు పడే మేరకు హద్దు పెట్టే భాగం) లైటు వెలిగితే చాలు, ఎక్స్‌పోజర్ (కిరణాలు వదలడం) అక్కర్లేదు. స్విచ్ దగ్గర మాత్రం మీరే నిలబడండి. "ఒక్క వేలికేగా సార్" అని సరదా పడేవాళ్లు ఉంటారు. వైద్య అవసరం లేని ఎక్స్‌రే వేలికైనా తీయకూడదు.

కిరణాలు వచ్చే ట్యూబు నుంచి బొమ్మ పట్టే ప్యానెల్‌కు దూరం 180 సెంటీమీటర్లు. ఫోకస్ (ట్యూబులో కిరణాలు పుట్టే చోటు) దూరంగా ఉంటేనే గుండె నీడ పెద్దదై పడదు. నేల మీద గీత ఉన్నా సరే, మొదటి వారం టేపుతోనే కొలిపించండి. ప్యానెల్ పైఅంచు భుజాలకు నాలుగైదు సెంటీమీటర్లు పైన ఉండాలి. గడ్డం ఎత్తి దాని మీద ఆనించాలి. కిరణాల బీమ్ సెంటర్ ఏడో ఛాతీ వెన్నుపూస దగ్గర, అంటే చేతులు కిందికి వదిలి నిలబడినప్పుడు రెక్క ఎముక కింది కొన ఉన్న ఎత్తులో. ఆ కొనను ముందే తడిమి గుర్తు పెట్టుకోవాలి. తర్వాతే చేతులు నడుము మీద పెట్టించి, మోచేతులు ముందుకు తోయించి, భుజాలు ప్యానెల్‌కు ఆనించాలి. వరస తిరగబడితే రెక్క ఎముక జరిగిపోతుంది, సెంటర్ తప్పుతుంది.

ఇక ఊపిరి. చాలా రిపీట్లకు (మళ్లీ తీయాల్సిన ఎక్స్‌రేలకు) మూలం మన మాటే. "బిగబట్టండి" అనగానే ముసలివాళ్లు బుగ్గలు పూరించి భుజాలు ఎగరేస్తారు, గాలి మాత్రం లోపలికి పోదు. "గాలి పీల్చండి, వదలండి, మళ్లీ బాగా పీల్చి ఆపండి" అని ఒకసారి చేసి చూపించి, పేషెంటు చేత చేయించి, ఆ తర్వాతే కన్సోల్ దగ్గరికి నడవాలి. రెండో శ్వాసలో ఊపిరితిత్తులు ఎక్కువ నిండుతాయి. హైదరాబాద్‌లో పనిచేయబోయే పిల్లలైతే "సాంస్ లో, రోకో" కూడా నోటికి రావాలి.

తీసిన బొమ్మ మీద మూడు చూపించండి. కాలర్‌బోన్ల లోపలి కొనలు వెన్నుముల్లుకు రెండు వైపులా సమదూరంలో ఉన్నాయా? లేకపోతే మనిషి తిరిగాడు, ఒక ఊపిరితిత్తి ఇంకోదానికన్నా నల్లగా పడుతుంది, లేని జబ్బు కనిపిస్తుంది. డయాఫ్రం (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండర పొర) పైన ముందువైపు పక్కటెముకలు ఆరు గానీ, వెనకవి తొమ్మిది పది గానీ లెక్కకొస్తున్నాయా? తక్కువైతే గుండె ఉన్నదానికన్నా పెద్దదిగా, ఊపిరితిత్తుల అడుగు మసకగా కనిపిస్తాయి. రెక్క ఎముకలు పక్కకు తప్పుకున్నాయా? వాటి అంచు గీత ఒక్కోసారి న్యూమోథొరాక్స్‌లా (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరే జబ్బులా) మోసం చేస్తుంది.

మన దగ్గర ప్రత్యేకంగా చెప్పాల్సినది జడ. తడి జడ భుజం మీద పడితే ఊపిరితిత్తి పైకొన మీద మచ్చలా వస్తుంది. టీబీ కోసం వెతికే చోటే అది. జడ ఎత్తి ముడి వేయించండి. పిన్నీసులు, తాయెత్తులు తీయించండి. మంగళసూత్రం తీయనంటే వాదన వద్దు, గడ్డం పైకి జరిపి పళ్ల మధ్య పట్టుకోమంటే ఫీల్డ్ (కిరణాలు పడే మేర) దాటిపోతుంది.

ప్రశ్న: మా డీఆర్ (బొమ్మ నేరుగా కంప్యూటర్‌కు చేరే డిజిటల్) మిషన్‌లో ఏ ఎక్స్‌పోజర్ ఇచ్చినా బొమ్మ బాగానే వస్తోంది. సీనియర్లు "ఎంఏఎస్ కాస్త ఎక్కువ పెట్టు, తలనొప్పి ఉండదు" అంటున్నారు (ఎంఏఎస్ అంటే వదిలే కిరణాల మొత్తాన్ని నిర్ణయించే అంకె). నిజమేనా?
- బీఎస్సీ మూడో ఏడాది విద్యార్థిని, వరంగల్

జవాబు: తలనొప్పి ఉండనిది టెక్నీషియన్‌కే. ఫిల్ము రోజుల్లో ఎంఏఎస్ ఎక్కువైతే బొమ్మ నల్లబడి తప్పు దానంతట అదే బయటపడేది. డిజిటల్‌లో సాఫ్ట్‌వేర్ వెలుగును సర్దేస్తుంది. ఎక్కువైనది కంటికి తెలియదు. తక్కువైతేనే ఇసుక చల్లినట్టు రవ్వలు కనిపిస్తాయి. ముందు గుండె వెనక భాగంలో చూడండి, అక్కడే తెలుస్తుంది. రవ్వలొస్తే రేడియాలజిస్టు తిడతారు, ఎక్కువైతే ఎవరూ అడగరు. అందుకే ఆ అంకె ఏటికేడాది పైకి పాకుతుంది.

దీనికి పగ్గం డీవియేషన్ ఇండెక్స్, అంటే ఎక్స్‌పోజర్ లక్ష్యానికి ఎంత తప్పిందో మిషన్ చూపే అంకె. లక్ష్యానికి సరిగ్గా ఉంటే సున్నా. ప్యానెల్‌కు రెట్టింపు చేరితే సుమారు +3, సగమే చేరితే −3. ఉదాహరణకు లక్ష్యం 400 అనుకోండి, మీ ఎక్స్‌పోజర్ ఇండెక్స్ (ప్యానెల్‌కు చేరిన కిరణాల కొలత) 800 వస్తే డీవియేషన్ +3. "బాగానే వచ్చింది" అనుకున్న ఆ పేషెంటుకు రెండు ఎక్స్‌రేల డోసు పడిందన్నమాట. పాత సీఆర్ మిషన్లలో (ప్లేటు మీద తీసి, రీడర్‌లో పెట్టి చదివేవి) లెక్కలు వేరు. ఫ్యూజీ కంపెనీ చూపే ఎస్ నంబరు ఎక్స్‌పోజర్ పెరిగితే తగ్గుతుంది. ఒక కంపెనీ అంకె ఇంకో కంపెనీ మిషన్‌కు అన్వయించకండి.

అయితే ఆ అంకెనూ గుడ్డిగా నమ్మకూడదు. కొలిమేషన్ అంచును సాఫ్ట్‌వేర్ సరిగా పట్టకపోయినా, ఫీల్డ్‌లో లోహపు ఇంప్లాంటు ఉన్నా తప్పుతుంది. ఫీల్డ్ వెడల్పుగా తెరిచి తీసి, తర్వాత స్క్రీన్ మీద అంచులు కత్తిరించే అలవాటు ఉంటే ఇప్పుడే మానండి. బొమ్మ చిన్నదైంది గానీ డోసు అప్పటికే శరీరంలోకి పోయింది. కుడి ఎడమలు కూడా సీసపు మార్కరుతోనే, ఎక్స్‌పోజర్‌కు ముందే పెట్టండి. స్క్రీన్ మీద తర్వాత తగిలించిన అక్షరం తారుమారైతే, గుండె కుడివైపు ఉన్న పేషెంటు దొరికిన రోజు ఏది నిజమో తేల్చడం కష్టం.

ప్రాక్టీసుకు మనిషి అక్కర్లేదు. మటన్ కొట్టులో మేక కాలి ఎముక తెచ్చి, ప్లాస్టిక్ డబ్బాలో పది సెంటీమీటర్ల నీళ్లలో ముంచి, ట్యూటర్ సమక్షంలో 60 కేవీపీ (కిరణాలు ఎంత చొచ్చుకుపోతాయో నిర్ణయించే వోల్టేజి), 10 ఎంఏఎస్‌తో తీయండి. తర్వాత 69 కేవీపీ, 5 ఎంఏఎస్‌తో. కేవీపీ 15 శాతం పెంచితే ఎంఏఎస్ సగానికి తగ్గించవచ్చు. ప్రాసెసింగ్ మార్చకుండా రెండింటినీ పక్కపక్కన పెట్టండి. ఎముకకూ నీటికీ మధ్య తేడా ఎంత తగ్గిందో చూస్తే ఆ సూత్రం మళ్లీ చదవనక్కర్లేదు.

రిపీట్ అయినవి డిలీట్ చేయకండి. పొజిషన్, కదలిక, ఎక్స్‌పోజర్, వస్తువు అడ్డం అని కారణం రాసి నెలకోసారి లెక్కేయండి. ఏ తప్పు ఎక్కువో అదే ఆ నెల పాఠం.

ప్రశ్న: స్టాండ్ దగ్గర 180 సెం.మీ.లో 4 ఎంఏఎస్ వాడుతున్నాం. పోర్టబుల్‌లో (మంచం దగ్గరికి తీసుకెళ్లే మిషన్‌లో) 100 సెం.మీ.లో ఎంత పెట్టాలి?
- విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: 180ని 100తో భాగించి వర్గం చేస్తే 3.24. నాలుగును దానితో భాగిస్తే 1.2 ఎంఏఎస్. అయితే స్టాండ్‌లో గ్రిడ్ (చెదిరిన కిరణాలను ఆపే సీసపు పట్టీల పలక) ఉండి, పోర్టబుల్‌లో లేకపోతే ఈ లెక్క ఒక్కటే సరిపోదు, ఎంఏఎస్ ఇంకా తగ్గుతుంది, కేవీపీ కూడా దించాలి.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ అయ్యాక ఈ కోర్సులో చేరింది, ఇంకా 17 ఏళ్లు. గదిలోకి పంపవచ్చా? ఎక్స్‌రే తీసేటప్పుడు చిన్నపిల్లల్ని కదలకుండా పట్టుకోమంటున్నారట.
- తండ్రి, నల్గొండ

జవాబు: రేడియేషన్ పనిలో ఉద్యోగానికి 18 నిండాలి. శిక్షణకు 16 నిండితే చాలు. 16-18 మధ్య ట్రైనీకి ఏఈఆర్‌బీ (దేశంలో రేడియేషన్ భద్రత చూసే అణుశక్తి నియంత్రణ మండలి) పరిమితి ఏడాదికి 6 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి తగిలే డోసు కొలత). పెద్దలైన ఉద్యోగులకు ఐదేళ్ల సగటున ఏడాదికి 20, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. మీ అమ్మాయికి తన పేరు మీద టీఎల్‌డీ బ్యాడ్జి (ఒంటికి తగిలిన డోసు నమోదు చేసేది) ఇచ్చారా అని అడగండి. దాన్ని ఛాతీ మీద, సీసపు ఏప్రాన్ లోపలివైపు పెట్టుకోవాలి. మూడు నెలలకోసారి చదవడానికి పంపుతారు. ఏప్రాన్‌కే తగిలించి ఎక్స్‌రే గదిలో వదిలేస్తే, ఒంటికి తగలని డోసు కూడా ఆమె పేరున నమోదవుతుంది.

పేషెంటును పట్టుకోవడం విద్యార్థి పని కాదు. రోజూ పట్టుకునేవాళ్లకే డోసు పోగవుతుంది. ముందు పట్టీలు, ఇసుక సంచులు చూడాలి. తప్పనప్పుడు బిడ్డతో వచ్చిన బంధువు పట్టుకోవాలి. ఆ బంధువు గర్భిణి కాకూడదు, ఏప్రాన్ వేయించాలి, బీమ్‌లోకి చెయ్యి రాకూడదు. మీ అమ్మాయి "నేను పట్టుకోను, కంట్రోల్ గదిలోనే ఉంటాను" అనొచ్చు.

ప్రశ్న: లెడ్ ఏప్రాన్ మడిచి బీరువాలో పెడితే ఏమవుతుంది?
- విద్యార్థి, తిరుపతి

జవాబు: మడత పడ్డచోట లోపలి సీసపు పొర పగులుతుంది, పైబట్టకు మాత్రం ఏమీ కాదు. హ్యాంగర్‌కు వేలాడదీయండి. ఏడాదికోసారైనా ఫ్లోరోస్కోపీ (స్క్రీన్ మీద అప్పటికప్పుడు కనిపించే ఎక్స్‌రే) కింద గానీ, ప్యానెల్ మీద పరిచి గానీ ఎక్స్‌రే తీసి చూడండి. పగులు ఉంటే బొమ్మలో గీతలా బయటపడుతుంది.