నవ్వుతున్న మట్టి దంపతులు

ప్రశ్న: ప్రాచీన ఇటలీలో ఉన్న ఎట్రుస్కన్ల శవపేటిక ఒకదాని మీద భార్యాభర్తలు నవ్వుతూ పక్కపక్కనే ఒరిగి ఉన్న ఫోటో చూశాను. చావు దగ్గర ఆ నవ్వేమిటి? వాళ్ల ఇళ్లు మిగలకుండా సమాధులే ఎలా మిగిలాయి? – ఒక పాఠకురాలు

జవాబు: నేను ముప్పై ఏళ్లుగా మట్టిబొమ్మలు చేస్తున్నదాన్ని. రోమ్‌లో విల్లా జూలియా మ్యూజియంలో ఆ జంట ముందు నిలబడగానే నా కళ్లు అతుకుల మీదికే పోయాయి. దాదాపు మనిషంత నిడివి ఉన్న బొమ్మను ఒక్కటిగా కాల్చడం ఎంత కష్టమో మట్టి పట్టినవాళ్లకు తెలుసు. అందుకే నాలుగు భాగాలు చేసి, విడివిడిగా కాల్చి జోడించారు. క్రీ.పూ. 520 ప్రాంతపు పని. 1881లో రోమ్ దగ్గరున్న చెర్వెతెరి అనే ఊళ్లో బయటపడేనాటికి దాదాపు 400 పెంకులై ఉంది.

తర్వాత చేతులు చూశాను. అతను ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఇద్దరి వేళ్లూ ఏదో పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి, పట్టుకున్నవి మాత్రం లేవు. ఆమె అతని అరచేతిలో అత్తరు పోస్తోందని చాలామంది పండితుల ఊహ. నాకూ అలాగే అనిపించింది. వాళ్లు ఉన్నది విందులో. భర్త పక్కన భార్య అలా ఒరిగి విందు చేయడం చూసి గ్రీకులు ముక్కున వేలేసుకున్నారు. ఇక ఆ నవ్వంటారా, అప్పటి గ్రీకు శిల్పాల్లోనూ ఉంది. దాన్ని చూసి ఎట్రుస్కన్లకు దుఃఖం తెలియదనుకోకండి. తర్వాతి శతాబ్దాల సమాధి గోడల మీద సుత్తి పట్టుకున్న చారున్ అనే మృత్యులోకపు భూతం కనిపిస్తాడు.

ఇళ్లు కట్టింది మట్టి ఇటుకలతో, కలపతో. గుళ్లకూ పునాదులే రాయి. అవన్నీ కరిగిపోయాయి. చనిపోయినవాళ్ల కోసం మాత్రం టఫ్ అనే మెత్తటి అగ్నిపర్వత శిలలో గదులు తొలిచారు. చెర్వెతెరిలోని బండితాచ్చా శ్మశానంలో వీధులున్నాయి, వాకిళ్లున్నాయి. రాతి కప్పుకు దూలాలతో పనేముంది? అయినా చెక్కారు, ఇల్లంటే దూలాలు ఉండాలి కదా!

అక్కడే ఉన్న మటూనా అనే కుటుంబపు సమాధిని అద్దం వెనక నుంచే చూడనిస్తారు. క్రీ.పూ. నాలుగో శతాబ్దం చివరిది. గోడలనిండా గారతో చేసి రంగులద్దిన ఇంటి సామాను: కత్తులు, చుట్టి తగిలించిన తాడు, ఎర్రటి జంట తలగడలు. ఒక కుక్క కూడా ఉంది. నేను ఎక్కువసేపు చూసింది నడిమి మంచం కింద. అక్కడ చిన్న పీట మీద ఒక చెప్పుల జత, ఇప్పుడే విడిచినట్టు.