బొమ్మ రోబోకి కళ్లు వెలిగించాలంటే

చిరంజీవి కార్తీక్‌కి మామయ్య ఆశీస్సులు.

రోబోకి నీలం కళ్లు, ఛాతీ మీద ఎర్ర లైటు పెడతానన్నావు. లైటు వెలిగించడం పెద్ద పని కాదురా. బొమ్మ నడుస్తున్నప్పుడు ఆ లైటు ఆరకుండా, వైరు తెగకుండా చూడటమే అసలు పని.

ముందు సెల్స్ తీసేసి, ఆ తర్వాతే విప్పు. పొడుగు స్క్రూని పొట్టి స్క్రూ గుంటలో బిగిస్తే ప్లాస్టిక్ చీలుతుంది. అందుకని కాగితం మీద బొమ్మ ఆకారం గీసి, ఎక్కడి స్క్రూని అక్కడే టేపుతో అంటించు. వైర్లు కదపకముందే ఫోటో తీసుకో.

నీ బొమ్మకి మూడు పెన్సిల్ సెల్స్, అంటే 4.5 వోల్టులు. నీలం ఎల్‌ఈడీకి సుమారు 3 వోల్టులు, ఎరుపుకి 2 చాలు. మిగతాది రెసిస్టర్ మీద, అంటే కరెంటుని అదుపులో పెట్టే చిన్న భాగం మీద పడాలి. 3 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీలు తీసుకుని, నీలానికి ఒక్కోదానికి 150 ఓమ్‌లు, ఎరుపుకి 180 ఓమ్‌లు వెయ్యి. కరెంటు పది, పద్నాలుగు మిల్లీ ఆంపియర్లకి మించదు, బొమ్మకి ఆ వెలుగు ధారాళం. మూడింటికీ కలిపి ఒకే రెసిస్టర్ పెడితే మాత్రం కరెంటంతా ఎరుపులోంచే పోతుంది, నీలం కళ్లు వెలగనే వెలగవు. పొడుగు కాలు ప్లస్సు.

కరెంటు ఎక్కడినుంచి తీసుకుంటావన్నది ముఖ్యం. మోటారు కాళ్ల దగ్గర, అంటే దానికి వైర్లు అతికే రెండు కొసల దగ్గర తీసుకోకు. మోటారు వెనక్కి తిరిగినప్పుడు అక్కడ ప్లస్సు మైనస్సు తారుమారై లైటు ఆరిపోతుంది. స్విచ్ దాటాక ఉన్న చోట తీసుకో. వోల్టులు కొలిచే మల్టీమీటర్ నల్ల ముల్లు బ్యాటరీ మైనస్‌కి, ఎర్ర ముల్లు అనుమానమున్న చోట పెట్టు. స్విచ్ వేస్తే 4.5 చుట్టుపక్కల, ఆపితే సున్నా చూపిస్తే అదే చోటు.

ఇక మోటారు గొడవ. అడుగు వేసే ప్రతిసారీ అది ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, వోల్టేజీ పడి కళ్లు రెపరెపలాడతాయి. ప్లస్ దారిలో కరెంటుని ఒకే వైపు పోనిచ్చే 1ఎన్5819 డయోడ్ ఒకటి పెట్టు, గీత ఉన్న వైపు లైట్లవైపు ఉండాలి. దాని తర్వాత ప్లస్సు మైనస్సుల మధ్య 470 మైక్రోఫారడ్, 10 వోల్టుల కెపాసిటర్ వెయ్యి, అది కాస్త కరెంటుని దాచిపెట్టుకుంటుంది. వోల్టేజీ పడిన ఆ క్షణం లైట్లని కెపాసిటర్ నిలబెడుతుంది, దాని కరెంటు మోటారువైపు పోకుండా డయోడ్ ఆపుతుంది. మోటారు రెండు కాళ్లకి అడ్డంగా 104 అని రాసి ఉండే చిన్న సెరామిక్ కెపాసిటర్ కూడా అతికించు. రేపు చిప్ పెట్టి లైటుని ఆడించాలనుకుంటే ఇది లేకపోతే మోటారు గొడవకి చిప్ మాటిమాటికీ రీసెట్ అవ్వొచ్చు.

కంటి గుంటకి ముందు 2 మిల్లీమీటర్ల బిట్, తర్వాత 3 వాడు, చేత్తోనే మెల్లగా తిప్పు. డ్రిల్ మెషిన్ వేగానికి ప్లాస్టిక్ కరిగి అంచు పాడవుతుంది. ఎల్‌ఈడీ మొహాన్ని 400 నంబరు గరుకు కాగితంతో రుద్దితే వెలుగు చుక్కలా పొడవకుండా కన్నంతా పరుచుకుంటుంది.

టంకం బొమ్మ బయటే వెయ్యి. 25 వాట్ల టంకం ఐరన్ చాలు, ఒక్కో అతుకుకి రెండు మూడు సెకన్లు. ప్రతి అతుకు మీదా హీట్ ష్రింక్, అంటే వేడికి ముడుచుకుని బిగిసే ప్లాస్టిక్ గొట్టం తొడుగు. తల తిరిగే చోట ఒంటి తీగ వైరు నాలుగు రోజుల్లో తెగుతుంది. సన్నటి పోగుల వైరు తీసుకుని, మెడ ఇరుసు పక్కనుంచి పంపి, కాస్త వదులు ఉంచు. రెండు వైపులా గ్లూ గన్‌తో పట్టిస్తే వంపు అతుకు మీద పడదు. కళ్ల దగ్గర ఫెవిక్విక్ మాత్రం వద్దు, దాని ఆవిరికి అద్దంలాంటి ప్లాస్టిక్ తెల్లబారిపోతుంది.

మూత బిగించేముందు తలని రెండు చివరలకీ ఇరవై ముప్పై సార్లు తిప్పి చూడు. ఎక్కడైనా లైటు రెప్ప కొడితే ఆ అతుకు మళ్లీ వెయ్యి.

ఇది చెల్లి చేతికి వెళ్తుంది కాబట్టి చోటు కలిసొస్తుందని బటన్ సెల్ గానీ లిథియం బ్యాటరీ గానీ లోపల పెట్టొద్దు. బటన్ సెల్ మింగితే గొంతు లోపల కాలిపోతుంది. ఉన్న పెన్సిల్ సెల్స్‌తోనే నడిపించు, బ్యాటరీ మూతకి స్క్రూ తప్పకుండా బిగించు.

మీ మామయ్య