డిగ్రీలు పెరిగిందా, డిగ్రీలకు పెరిగిందా?

సందేహం: మా అమ్మాయి భౌతికశాస్త్రం గైడులో ‘20 డిగ్రీల సెల్సియస్ వద్ద 10 మీటర్లున్న ఇనుప కడ్డీ ఉష్ణోగ్రత 45 డిగ్రీలు పెరిగితే ఎంత వ్యాకోచిస్తుంది?’ అని లెక్క ఉంది. ధైర్ఘ్య వ్యాకోచ గుణకం (ఒక డిగ్రీ వేడెక్కితే పొడవులో ఎన్నో వంతు పెరుగుతుందో చెప్పే అంకె) డిగ్రీకి 0.000012. తనకు 5.4 మి.మీ. వచ్చింది, గైడులో జవాబు 3 మి.మీ. తప్పెవరిది? అసలు ‘వ్యాకోచం’ బదులు ‘సాగడం’ అంటే పోదా?

సమాధానం: అమ్మాయి లెక్క సరైనదే. ప్రశ్నలో ఒక ‘కు’ జారిపోయింది.

‘కందిపప్పు కిలోకు పది రూపాయలు పెరిగింది’ అంటే నిట్టూరుస్తాం. ‘పది రూపాయలకు పెరిగింది’ అంటే నమ్మం. బజారులో ఎవరూ పొరబడని ఈ తేడా పుస్తకంలోకి వచ్చేసరికి మాయమవుతుంది. ‘45 డిగ్రీలు’ అన్నప్పుడు అది పెరుగుదల కొలత. ‘45 డిగ్రీలకు’ అన్నప్పుడు అది చేరిన చోటు, ఊరికి వెళ్ళినట్టు. గైడు రాసినవారి మనసులో ఉన్నది రెండోది. 45లోంచి 20 తీస్తే 25. పది మీటర్లంటే 10,000 మి.మీ. కనుక 10,000 × 0.000012 × 25 = 3 మి.మీ. అచ్చులో ఉన్నది మొదటిది కనుక 25 బదులు 45తో హెచ్చవేయాలి, 5.4 వస్తుంది. ‘20 నుంచి 45 డిగ్రీలకు’ అని గాని, ‘25 డిగ్రీల మేర’ అని గాని రాసి ఉంటే ఈ తంటా ఉండేది కాదు.

తమాషా ఏమిటంటే, గుణకం దగ్గరున్న ‘డిగ్రీకి’ చేరిన చోటు కాదు. అది ‘కిలోకు’ లాంటిది, ఒక్కో డిగ్రీకి అని. వ్యాకరణం కి, కు రెండింటినీ షష్ఠీ విభక్తిలో కలిపి చెప్పి ఊరుకుంది. ఏ పని చేస్తోందో వాక్యాన్ని బట్టి మనమే పోల్చుకోవాలి.

ఇక ‘సాగడం’. బండి చక్రానికి ఇనప్పట్టా ఎర్రగా కాల్చి తొడిగి నీళ్ళు పోసేచోట ‘పట్టా సాగింది, బిగిసింది’ అంటే చక్కగా ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ బడిలో ఆ మాటకు వేరే పని ఉంది. లోహం తీగగా, రేకుగా సాగేది లాగితేనో కొడితేనో. ‘ఉబ్బడం’ అందామా అంటే, వానకు నానిన తలుపు, నూనెలో పూరీ గుర్తొస్తాయి. కాబట్టి వేడికి వ్యాకోచమే ఉండనివ్వండి. మొహమాటానికి వాడే సంకోచం, లోహాల సంకోచం ఒకటే మాట, ముడుచుకోవడం. సంస్కృతంలో ‘వ్యాకోచ’ అంటే విచ్చుకున్న పువ్వుకు విశేషణం. ఇనుముకు అంతకంటే అందమైన పేరు నేను పెట్టలేను.

అన్నట్టు, అది ‘ధైర్ఘ్య’ కాదు, ‘దైర్ఘ్య’. దీర్ఘం నుంచి వచ్చింది, ‘ద’కు వత్తు లేదు. ధైర్యంతో దానికి చుట్టరికం లేదు.