చెరువు నీళ్ల టీడీఎస్ 280 వచ్చింది, ఇక తాగొచ్చా?

కాలువతో నింపే మీ ఊరి మంచినీళ్ల చెరువులో టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలను లీటరుకు మిల్లీగ్రాముల్లో చూపేది) పెడితే 280 చూపించింది, ఇక భయం లేనట్టేనా అని అడిగారు కదండీ. ఉప్పు వరకైతే భయం లేదు. తాగునీటికి టీడీఎస్ 500 దాకా మంచిదే, వేరే దారి లేనిచోట 2000 వరకూ ఒప్పుకుంటారు. కానీ మురుగు కలిసిన నీళ్లలో పెట్టినా ఆ మీటరు 280 చూపించవచ్చు. క్రిములు దానికి కనపడవు.

మాది భీమవరం వైపు, కాలువ శివారు ఊరు. విజ్జేశ్వరం దగ్గర గోదావరి నుంచి బయల్దేరిన నీళ్లు మా దాకా వచ్చేసరికి ఎన్ని ఊళ్ల రేవులు దాటి వస్తాయో మీకు తెలియంది కాదు. ఒక ఏడాది పిల్లలకు వరసగా విరేచనాలు పట్టుకుంటే, మేం ముగ్గురం నీళ్లు పరీక్ష చేయిద్దామని బయల్దేరాం. కూల్‌డ్రింకు సీసా కడిగి పట్టుకెళ్తే ల్యాబులో వెనక్కి పంపేశారు. క్రిముల పరీక్షకు వాళ్లిచ్చే స్టెరైల్ (క్రిములు లేకుండా చేసిన) సీసాలోనే పట్టి, ఐసు పెట్టెలో పెట్టి అదే రోజు ఇవ్వాలట. ఒక పూట పని పోయింది.

రెండోసారి నాలుగు చోట్ల పట్టాం. కాలువ లాకు దగ్గర, చేపల చెరువు నీళ్లు కాలువలో కలిసే తూముకి ఎగువన, దిగువన, చివరికి మా చెరువు తూము దగ్గర. చేపల తూము దాటగానే నీళ్లలో ఆక్సిజన్ (మురుగు ఎక్కువైతే ఇది తగ్గుతుంది) 6 నుంచి 3కి పడిపోయింది. లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గితే, శుద్ధి చేసి తాగడానికి కూడా ఆ నీరు తగదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క. ఆక్సిజన్ మీటరు కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు, రొయ్యల రైతుల దగ్గర ఉంటుంది. మాకు మా బాబాయి ఇచ్చాడు. రొయ్యల చెరువుని ఆయన రోజూ చూసుకుంటాడు, మనుషులు తాగే చెరువుని చూసేవాడే లేడు! కొలిచేది తెల్లవారుజామునే కొలవండి. ఎండలో నాచు ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి మధ్యాహ్నం మురికి నీరు కూడా బాగున్నట్టే కనిపిస్తుంది.

ఆ అంకెలు చూపించాకే చేపల చెరువులాయన తన నీళ్లను మురుగు కాలువ వైపు తిప్పాడు. అంతకుముందు ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.

ఇంకో సంగతి, జూన్‌లో కాలువ వదలగానే చెరువు నింపకండి. వేసవంతా ఎండిన చెత్తని మొదటి నీళ్లే తోసుకొస్తాయి. మేం వారం దాకా తూము ఎత్తం. చెరువు అడుగంటి ఉన్నప్పుడు ఈ మాట పంచాయతీలో ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. వేసవికి నింపుకునేటప్పుడు కూడా కాలువ కట్టేసే చివరి రోజుల దాకా ఆగకూడదు. పారకం సన్నబడేకొద్దీ అందులో మురుగు వాటా పెరుగుతుంది.

బ్లీచింగ్ బురద నీళ్లలో కలిపితే సగం ఆ బురదకే పోతుంది, ముందు నీళ్లు తేరుకోనివ్వాలి. చివరి వీధి కొళాయిలో క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి, ట్యాంకు దగ్గర చూస్తే లాభం లేదు.

మీది సముద్రం దగ్గరి మొగల్తూరు వైపన్నారు కాబట్టి టీడీఎస్ మీటరు పారేయకండి. మే నెలలో చెరువు తగ్గి బోరు నీళ్లు కలిపినప్పుడు మళ్లీ పెట్టి చూడండి. అప్పుడు పెరిగిన ఉప్పు కాచినా పోదు.