బీరువా మీద మూడు డబ్బాలు

ప్రశ్న: మాది తిరుపతి. కొర్లగుంటలో రెండు గదుల అద్దె ఇల్లు. పెళ్ళై ఏడాదిన్నర, నాకిప్పుడు ఆరో నెల. ఉగాదికి బూజు దులుపుతుంటే బెడ్‌రూంలో బీరువా మీద మూడు ప్లాస్టిక్ డబ్బాలు కనిపించాయి. చూస్తే అరచెయ్యంత సాలీళ్ళు! రెండు మా ఆయన ఎవరి దగ్గరో కొన్నాడట, వాటిలో ఒకదానికి మోకాళ్ళ దగ్గర నారింజ రంగు. మూడోది తలకోన పోయినప్పుడు చెట్టు తొర్రలోంచి పట్టుకొచ్చాడట. నాకు చిన్నప్పటి నుంచీ సాలీడంటే ఒళ్ళు జలదరిస్తుంది. అలవాటైపోతుందిలే అని నవ్వుతూ ఒకరోజు చేతిమీద పెట్టుకుని నా ముఖం దగ్గరికి తెచ్చాడు, వెనక్కి జరగబోయి మంచం కోడుకు తగిలి పడ్డాను. మా అత్తేమో "కాళహస్తిలో సాలీడుకే మోక్షమిచ్చినాడు స్వామి, దానికి భయమేంది" అంటుంది. కడుపులో బిడ్డ కదులుతోంది, చెయ్యి పెట్టి చూడు అంటే రేపు అంటాడు, రాత్రి పన్నెండింటికి మాత్రం లేచి టార్చి వేసుకుని సాలీడు కుబుసం విడుస్తుంటే చూస్తాడు. ఇప్పుడు పుత్తూరులో అమ్మవాళ్ళింట్లో ఉన్నాను. బొద్దింకల స్ప్రే కొట్టేసి వచ్చుంటే బాగుండేదని కూడా అనిపించింది. నేనో అవో తేల్చుకోమని చెప్పనా?

జవాబు: అమ్మా, పడ్డానని రాశారు, డాక్టరుకు చూపించానని రాయలేదు. మిగతాదంతా తర్వాత. ఇంకా చూపించుకోకపోతే రేపు పొద్దున్నే వెళ్ళండి, నొప్పి లేకపోయినా సరే.

మీ భయం సంగతి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇలాంటి భయం తగ్గించే పద్ధతి నిజంగానే ఉంది. మొదట బొమ్మ చూడటం, తర్వాత గుమ్మం అవతల నుంచి మూసిన డబ్బాను చూడటం, అలా మెల్లమెల్లగా దగ్గరవుతారు. కానీ ప్రతి అడుగూ భయపడే మనిషే వెయ్యాలి, ఆగమంటే ఆగాలి. మీ ఆయన చేసింది దానికి పూర్తిగా తలకిందులు, దాంతో భయం పెరుగుతుందే గానీ తగ్గదు, పైగా భయంతో పాటు ఆయన మీద నమ్మకం కూడా పోతుంది. మీకే తగ్గించుకోవాలనిపిస్తే కాన్పు అయ్యాక రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగంలో అడగండి. అనిపించకపోతే వదిలేయండి. సాలీడును ఇష్టపడి తీరాలని పెళ్ళిలో ఎవరూ ప్రమాణం చేయించరు.

స్ప్రే మాత్రం వద్దు. ఆ ఆలోచన వచ్చినందుకు మీరు చెడ్డవాళ్ళు కారు, విసిగిపోయిన మనిషికి వస్తుంది. కానీ ఆ మందుకు అవి చచ్చిపోతాయి, ఆ తర్వాత మీ ఆయన మిమ్మల్ని చూసే చూపు ఎన్నేళ్ళకు మారుతుందో చెప్పలేం. అంతకన్నా ఈ మందు సంగతే మీకు మంచి ఆధారం. దోమల లిక్విడ్‌లో, కాయిల్‌లో ఉండేవి కూడా పురుగుల్ని చంపే మందులే, మూసిన గదిలో అవి సాలీళ్ళకూ ప్రమాదం. మీకేమో ఈ నెలల్లో డెంగీ రాకుండా దోమల నుంచి కాపాడుకోవడం తప్పనిసరి. అంటే మీరు, అవి ఒకే గదిలో ఉండటం మీకూ మంచిది కాదు, వాటికీ మంచిది కాదు. ఈ మాట ఆయనకు తప్పకుండా ఎక్కుతుంది, ఎందుకంటే ఆయనకు వాటి మీద నిజంగా ప్రేమ ఉంది.

అవును, ఉంది. అర్ధరాత్రి లేచి కుబుసం విడవడం చూసే మనిషిది మొండితనం మాత్రమే అనుకోను. సాలీడు వెల్లకిలా పడుకుని, కాళ్ళన్నీ మెల్లమెల్లగా పాత తొడుగులోంచి లాక్కుంటుంది, గంటల తరబడి. చిన్నప్పుడు చిత్తూరులో మా పాత ఇంట్లో గోడ మీద తిరిగే పెద్ద సాలీడు ఒకటి రొమ్ము కింద తెల్లటి బిళ్ళలాంటి గుడ్ల సంచి పట్టుకుని రోజుల తరబడి తిరిగేది. మా అవ్వ చీపురు ఎత్తి మళ్ళీ దించేసింది, "బాలింత కదా, పోనీ" అని. ఆ రోజు నేను చాలాసేపు అక్కడే నిలబడి చూశాను. కాబట్టి ఆయన ఆశ్చర్యం నాకు అర్థమవుతుంది. కానీ ఆ సాలీడు దానంతటదే వచ్చింది, దానంతటదే పోయింది, డబ్బాలో పెట్టి బీరువా మీద ఎవరూ దాచలేదు. మీ అత్తగారికి కూడా ఇదే చెప్పండి, గౌరవంగానే. కాళహస్తి సాలీడు తన ఇష్టంతో స్వామికి గూడు అల్లింది, ఎవరి ముఖం మీదికీ రాలేదు.

ఇక తలకోన సాలీడు. ఇది తేలిగ్గా తీసుకోకండి. తలకోన శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కులో ఉంది, అక్కడి నుంచి ఏ ప్రాణినీ పట్టుకురాకూడదు, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఎందుకింత పట్టింపు అంటే, మన కనుమల్లో చెట్టు తొర్రల్లో ఉండే సాలీళ్ళను పెంపకానికి అమ్ముకోవడానికి అడవుల్లోంచి తెచ్చేస్తున్నారు. గుత్తి పేరుతో పిలిచే నీలం సాలీడును 1899లో గుర్తించారు, మళ్ళీ 2001లో గానీ నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో కనపడలేదు, ఇప్పుడది అంతరించిపోయే అంచున ఉంది. పైగా తొర్రల్లో ఉండే ఈ రకాలు కరిస్తే కండరాలు పట్టేసి రోజుల తరబడి బాధపెడతాయి. ఆయన్ని ఒక లాయరును అడిగి అటవీ శాఖ ఆఫీసుకు వెళ్ళమనండి, వాళ్ళు చెప్పినట్టు చేయాలి. తనే తీసుకెళ్ళి ఏదో ఒక చెట్టు మీద వదిలేస్తానంటే ఒప్పుకోకండి.

కొన్న రెండింటికీ కాగితాలు ఉన్నాయా అని అడగండి. నారింజ మోకాళ్ళది మెక్సికో టరాంటులా అయితే, 2022లో చట్టం సవరించాక అలాంటివాటిని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించాలి. ఆ రకానికి పొట్ట మీద దురద పుట్టించే సన్నటి వెంట్రుకలు ఉంటాయి, బెదిరితే కాళ్ళతో విదిలిస్తుంది, కంట్లో పడితే చాలా ఇబ్బంది. అలాంటిదాన్ని ఆయన మీ ముఖం దగ్గరికి తెచ్చాడు! చేతిలోంచి జారి మోకాలెత్తు నుంచి పడినా దాని పొట్ట పగలొచ్చు, అంటే ఆ సరదా దానికీ ప్రమాదమే. ఇంకోటి, ఆడదైతే ఇరవై ఏళ్ళు దాటి బతుకుతుంది. రేపు పుట్టే బిడ్డ డిగ్రీ చదివే దాకా అన్నమాట. రెండు రోజుల ముచ్చటలే అని మీరు సరిపెట్టుకోవద్దు, ఆయనా అలా చెప్పకూడదు.

నేనో అవో అని మాత్రం అడగొద్దు. కోపంలో అవే అన్నాడనుకోండి, ఆ మాట వెనక్కి రాదు. తిరిగి వెళ్ళే ముందు మూడు సంగతులు తేల్చుకోండి: డబ్బాలు బెడ్‌రూంలోంచి బయటికి రావాలి, ముందు గదిలో తాళం పడే అల్మారాలో ఉండాలి, మీరున్నప్పుడు మూత తియ్యకూడదు. బిడ్డ పాకే వయసుకు అవి వేరే ఇంటికి, అంటే పెంచడం తెలిసిన స్నేహితుడెవరైనా ఉంటే అక్కడికి పోవాలి. కోపం కొద్దీ డాబా మీద రేకుల షెడ్డులో పెట్టమనకండి, తిరుపతి మే నెల ఎండకు అవి అక్కడ బతకవు.

మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది ఒకే చోట. బిడ్డ కదులుతోందంటే రేపు అన్నాడు, సాలీడు కుబుసం విడుస్తుంటే లేచాడు. మీకు అసలు నొప్పి ఇక్కడే ఉంది, కానీ ఈ మాట ఆయనకు ఎప్పుడూ చెప్పలేదని అనిపిస్తోంది, సాలీళ్ళ గొడవలో కొట్టుకుపోయి ఉంటుంది. ఫోన్‌లో వద్దు. ఆయన్ని పుత్తూరు రమ్మనండి, అమ్మావాళ్ళు గుడికి వెళ్ళిన పూట చూసుకుని. డబ్బాల మాట ఎత్తకముందు పక్కన కూర్చోబెట్టుకుని, నాకు రాసినట్టే ఈ ఒక్కటి చెప్పండి. ఆయన ఏమంటాడో పూర్తిగా విన్నాక మిగతా మూడు సంగతులూ మాట్లాడండి, తలకోన డబ్బా సంగతి మాత్రం ఆ రోజే తేల్చుకోండి.