టోక్యో స్టేడియంలో చూరు కింద ఒక పూట

టోక్యో వెళ్లినప్పుడు అక్కడి జాతీయ స్టేడియానికి ఒక పూట కేటాయించవచ్చా, పోటీలు లేని రోజున ఖాళీ కుర్చీలు చూసి రావడం దండగ కాదా అని అడిగారు. దండగ కాదు. అనంతపురం జిల్లాలో ఇరవై ఆరేళ్లుగా వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్న నేను, అక్కడ ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి దగ్గరకు వెళ్లినప్పుడు, గుళ్ల కన్నా ముందు ఆ స్టేడియమే చూపించమన్నాను.

2021 ఆగస్టు 7న నీరజ్ చోప్రా తన రెండో ప్రయత్నంలో జావెలిన్‌ను 87.58 మీటర్లు విసిరి, అథ్లెటిక్స్‌లో మన దేశానికి తొలి ఒలింపిక్ స్వర్ణం తెచ్చింది ఆ మైదానంలోనే. ఆ సాయంత్రం మా ఇంట్లో టీవీ ముందు మా బడి పిల్లలు తొమ్మిది మంది కూర్చున్నారు. కరోనా వల్ల ప్రేక్షకులను రానివ్వలేదని నేను చెబితే, "లేదు సార్, జనం కనిపిస్తానే ఉన్నారు కదా" అని ఒకడు వాదించాడు. నిజానికి నాకూ అలాగే కనిపించింది. లోపలికి వెళ్లి చూశాకే సంగతి బోధపడింది. తెలుపు, బూడిద, లేత ఆకుపచ్చ, ముదురు ఆకుపచ్చ, ముదురు గోధుమ రంగుల కుర్చీలను, చెట్టు కింద ఎండపొడ పడినట్టుగా, వరుస అన్నది లేకుండా కలిపి వేశారు. కింది వరుసల్లో మట్టి రంగు ఎక్కువ, పైకి పోయేకొద్దీ తెలుపు ఎక్కువ. సుమారు 68,000 మంది పట్టే ఆ చోటు ఖాళీగా ఉన్నా బోసిగా అనిపించదు.

అయితే నన్ను ఎక్కువసేపు కట్టిపడేసింది లోపలి భాగం కాదు, బయట అంతస్తు మీద అంతస్తుగా చుట్టూ తిరిగిన చూర్లు. 2019లో పూర్తయిన ఈ కట్టడానికి వాస్తుశిల్పి కెంగో కుమా. హోర్యూజీ అనే ప్రాచీన బౌద్ధాలయంలోని ఐదంతస్తుల గోపురపు చూర్ల పద్ధతినే ఆయన ఇక్కడికి తెచ్చారు. చూరు అడుగున సన్నని కర్ర బద్దలు దగ్గర దగ్గరగా బిగించి ఉంటాయి. ఆ కర్రను జపాన్‌లోని 47 ప్రిఫెక్చర్ల నుంచీ, అంటే మన జిల్లాల వంటి అన్ని ప్రాంతాల నుంచీ తెప్పించి, ఏ దిక్కు ప్రాంతపు కర్రను ఆ దిక్కునే వాడారు. దాదాపు అంతా సుగీ, అంటే జపాన్ దేవదారు చెట్టు కర్ర కాగా, ఒకినావా నుంచి మాత్రం అక్కడి పైన్ కర్ర వచ్చింది.

జూలై మధ్యాహ్నం అది. "నాయనా, ఈ ఉక్కలో ఎంతసేపు నిలబడతావు, లోపలికి పోదాం రా" అని మా అబ్బాయి రెండుసార్లు పిలిచాడు. నేను మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూస్తూ నడిచాను. బద్దల మధ్య సందులు అన్ని వైపులా ఒకే రకంగా లేవనిపించి, అక్కడి ఉద్యోగిని మా అబ్బాయి చేత అడిగిస్తే, ఏ కాలంలో ఏ దిక్కు నుంచి గాలి వీస్తుందో లెక్క చూసి, అది లోపల కూర్చున్నవారిని తాకేలా ఆ సందులు పెట్టారని చెప్పాడు. మా తాత కట్టించిన మట్టి మిద్దె నా కళ్ల ముందు మెదిలింది. పంచలో పడుకుని పైకి చూస్తే, ఏ దూలం ఏ చేను గట్టు మీది వేపచెట్టుదో, ఏ దంతె ఎవరిచ్చినదో మా అవ్వ వేలితో చూపించి చెప్పేది.

అందుకే మా వైపు కట్టడాలను తలుచుకుంటే బాధ కలుగుతుంది. మా పిల్లలను పోటీలకు తీసుకుపోయే ఒక మైదానంలో గ్యాలరీకి నీడ అన్నదే లేదు. ఏప్రిల్‌లో ఆ సిమెంటు మెట్ల మీద అరచేయి పెట్టలేము. కూతుళ్ల పరుగు చూడటానికి పల్లెల నుంచి వచ్చిన తల్లులు గ్యాలరీ వదిలేసి, ఆగి ఉన్న బస్సు నీడలో నిలబడి, కొంగు నెత్తిన కప్పుకుని చూశారు. ముగింపు గీత వారికి కనిపించనే లేదు. తాడిపత్రి బండ, కడప బండ ఇంత దగ్గరలో దొరుకుతుంటే, ఎక్కడో గీసిన నమూనాను తెచ్చి ఇక్కడ పోతపోయడం ఎందుకు? రాయలసీమలో ఏ స్టేడియం కట్టినా ముందు చూరు గీయాలి, ఆ తరువాతే మైదానం గీయాలి. టోక్యోలోనూ మొదట జాహా హదీద్ అనే బ్రిటన్ వాస్తుశిల్పి గీసిన నమూనాను ఎంపిక చేసి, ఖర్చు విపరీతంగా పెరగడంతో 2015లో రద్దు చేశారు. ఆ రద్దు వల్ల మేలే జరిగిందని నేను గట్టిగా నమ్ముతాను.

మీరు వెళ్లేటట్టయితే సెండగాయా స్టేషన్‌లో దిగండి, అక్కడి నుంచి కొద్దిపాటి నడక. లోపల తిప్పి చూపించే టూర్ అన్ని రోజులూ ఉండదు కాబట్టి తేదీ ముందే చూసుకోండి. టికెట్ దొరకకపోయినా వెనక్కి తిరగవద్దు. బయట చూరు కింద ఒక చుట్టు పూర్తిగా నడిచి, ఉత్తరం వైపు సందులకూ దక్షిణం వైపు సందులకూ తేడా ఏమిటో చూడండి.